పావుగంట ముందున్న గడియారం

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో, మెడలో గుర్తింపు కార్డు వేలాడితే చాలు, ఆసుపత్రి మొత్తం నామీదే నడుస్తోందని అనుకునేదాన్ని. వికారాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్ని. రోజూ తాండూరు నుంచి రైల్లో వచ్చేదాన్ని. నాకప్పజెప్పిన పని ఒక్కటే, టోర్నికే టైం చూడటం. కాలికి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తం కారకుండా తొడకు పట్టీ చుట్టి గాలి ఎక్కిస్తారు. ఇక కాలికి రక్తం అందదు. ఎక్కువసేపైతే నరాలు, కండరాలు దెబ్బతింటాయి కాబట్టి గంటన్నర కాగానే గాలి తీసెయ్యాలన్నది మా ఎముకల సారు నియమం. మా పాత పంపు గాలి ఎంతుందో చూపేది గానీ ఎంతసేపైందో చెప్పేది కాదు. అది చెప్పేదాన్ని నేను. (ఇంట్లో మాత్రం "ఆపరేషన్లు చేస్తున్న" అని చెప్పుకున్నాను.)

ఆ రోజు బల్ల మీద యాలాల్ నుంచి వచ్చిన ఒక పెద్దయ్య. బండి మీంచి పడి కాలి ఎముక విరిగింది. నడుముకు మత్తిచ్చారు, కాబట్టి మెలకువగానే ఉన్నాడు. గాలి ఎక్కగానే గోడ గడియారం చూసి పది నలభై ఐదు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. తర్వాత ఎక్స్‌రే మిషన్ తెచ్చి గోడకు అడ్డంగా పెట్టారు. గడియారం కనబడలేదు. ఏముంది, చేతికి వాచీ ఉంది కదా! అందులో పదకొండు నలభై ఐదు కాగానే "గంటయింది సార్" అన్నాను, నా గొంతు నాకే ముద్దుగా వినిపించింది.

పన్నెండింటికి మిషన్ పక్కకు జరిపారు. గోడ గడియారంలో పన్నెండుంబావు! నా వాచీ ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని చూశాను. థియేటర్ ఊడ్చే ఆయమ్మను మెల్లగా అడిగితే, "గా గడియారం పావుగంట ముందు నడుస్తది బిడ్డా. మీ రైలోళ్లు జల్ది రావాలెనని పెద్ద సిస్టరమ్మ గట్ల వెట్టింది. నీకెవ్వలు చెప్పలేదా?" అంది.

వేళ్ల మీద లెక్కేసుకున్నాను. మొదలు రాసింది గోడ టైం, తర్వాత చెప్పింది వాచీ టైం. అంటే గాలి ఎక్కింది నిజానికి పదిన్నరకే; గంటంబావు కాదు, గంటన్నర అయిపోయింది. సారు మాత్రం ఇంకా పావుగంట ఉందనుకుని తాపీగా పని చేసుకుంటున్నారు. ఆయనకు కోపం వస్తే చేతిలో ఉన్నది నేల మీదుండేది. చెబితే నా ఉద్యోగం, చెప్పకపోతే ఆ మనిషి కాలు. చెప్పక తప్పదని తెలుసు. చివరికి నోరు తెరిస్తే వచ్చింది మాట కాదు, కేక. "సార్, టైం అయిపోయింది! నేను తప్పు రాసిన! గాలి తియ్యండి!"

తెర అవతల నుంచి పెద్దయ్య, "ఏమైంది బిడ్డా? నా కాలు ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది పెద్దయ్యా."

"మరెందుకు గట్ల ఒర్రుతున్నవ్? పరేషాన్ జేస్తివి!"

సారు చేతిలో ఉన్నది చేతిలోనే ఉంది. (అదే ఎక్కువ భయపెట్టింది.) గాయం గట్టిగా అదిమి పట్టుకుని గాలి తీయించారు. అందరం పాదం వైపే చూశాం. వేళ్లు తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ముందు బొటనవేలు, తర్వాత మిగతావి మెల్లగా ఎర్రబడ్డాయి. సారు నాడి చూసి, "బాగుంది. ఇకనుంచి ఒకటే గడియారం చూడు" అన్నారు. పెద్ద సిస్టరమ్మ స్టూలెక్కి తనే ముల్లు సరిచేసింది, నా మొహం చూడకుండా.

కొన్ని వారాలకు పెద్దయ్య చేతికర్రతో వచ్చాడు. సారుకు దండం పెట్టాడు, మత్తు డాక్టరుకు పెట్టాడు, నన్ను చూసి ఆగాడు. "గా దినం ఒర్రింది నువ్వే గదా? ఇంతకూ నువ్వేం జేస్తవ్ బిడ్డా ఆడ?"

"టైం చూస్త పెద్దయ్యా."

"గంతేనా?" అని నవ్వి, రెండు కాళ్లతో మెట్లు దిగిపోయాడు. ఆ మాటకు రైల్లో తాండూరు దాకా అలిగి కూర్చున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అవును పెద్దయ్యా, గంతే.