పదకొండు సార్లు నొక్కిన ఫైలు

సముద్రం పక్క రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే పనిలో ఉన్నప్పుడు, అక్కడి సర్వర్‌కు కాపలాగా నాలుగు వందల వరుసల ప్రోగ్రాం రాశానని కోవూరు టీకొట్టు దాకా చెప్పుకున్నాను. రాసింది నాలుగే వరుసలు. అవీ నావి కావు. నెట్‌లో ఎవరో పెట్టినవి చూసి, కళ్లజోడు సర్దుకుంటూ అక్షరం అక్షరం దించాను.

ఏ చెరువు రొయ్యల్లో వాడకూడని మందు తేలిందో రాసే ఫైలు ఒకటుంది. అందులోని సంగతులు బయటికి పొక్కాయి. మేనేజరు ఆ ఫైలును తనకూ మరో ఇద్దరికీ తప్ప అందరికీ మూయించాడు. మూశాక కూడా ఎవరు తెరవబోతున్నారో తెలియాలన్నాడు. ఆ నాలుగు వరుసలు అందుకే. అనుమతి లేనివాళ్లు తెరవబోయి భంగపడితే, వాళ్ల లాగిన్ పేరూ సమయమూ సర్వర్ రాసుకుంటుంది. ఆ జాబితా వారానికోసారి మేనేజరుకు దానంతటదే వెళుతుంది. అనుమతి ఉన్నవాళ్లు తెరిస్తే మాత్రం ఏమీ రాయదు. ఆ ముక్క నేను చెప్పలేదు. "దోమ వాలినా పట్టేస్తుంది సార్. లిస్టు అబద్ధం చెప్పదు" అన్నాను.

పని చేస్తుందో లేదో చూడాలి కదా, అనుమతి లేని ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అక్కడ అందరివీ తడి గ్లవుజుల చేతులు. మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టే ఓపిక ఎవరికీ లేదు. పొద్దున్నే ల్యాబ్ చూసే ఆవిడ తన పేరుతో లాగిన్ అయితే, సాయంత్రం దాకా అందరి పనీ ఆ పేరు మీదే నడుస్తుంది. ఆమె టీకి వెళ్లింది. నేను ఫైలు మీద నొక్కాను. అనుమతి లేదంది. ముచ్చటేసి మళ్లీ నొక్కాను. అలా పదకొండు సార్లు. సర్వర్‌లో చూస్తే పదకొండూ పడ్డాయి. పొంగిపోయాను. ఎవరి పేరు మీద పడ్డాయో చూసుకోలేదు.

సోమవారం ఆమె నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడింది.

"అన్నా, పదకొండు సార్లు నొక్కినానంట. ఈ వారంతో పని మానుకోమన్నాడు సారు. నాకేమన్నా పిచ్చా, అన్నిసార్లు నొక్కేదానికి? నువ్వన్నా చెప్పన్నా."

ఆమె ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. "చెప్తాలేమ్మా" అన్నాను. మర్నాటి నుంచి కంటి ఆపరేషన్ అని మూడు రోజులు సెలవు పెట్టాను. కంటికేమీ కాలేదు. భయం.

శుక్రవారం మేనేజరు ముందు నిలబడి, "సార్, ఆ పదకొండూ నేను నొక్కినవే" అన్నాను.

పకపకా నవ్వాడు. "పెద్దాయనా, తుఫానప్పుడు సర్వర్‌ను నెత్తిన పెట్టుకోని ఈదినానన్నావు. నీళ్లేమో చీలమండ దాకే వచ్చినాయి. ఇప్పుడు ఆమె కోసం ఇంకో కోతా? లిస్టు అబద్ధం చెప్పదని నువ్వే అంటివి గదయ్యా."

ఆ సాయంత్రమే ఆమె వెళ్లిపోయింది. రెండు నెలలకు ఆ ఫైలులోని సంగతులు మళ్లీ పొక్కాయి. జాబితా ఖాళీ.

మొన్న ఆమె నెల్లూరు బస్టాండులో కనిపించింది. తడ దగ్గర ఏదో కంపెనీలో రోజంతా నిలబడి ప్యాకింగ్ చేస్తోందట. కాళ్లు వాచి ఉన్నాయి.

"ఆ పదకొండూ నేనే నొక్కినా తల్లీ. సారుకు చెప్పినా, నమ్మలా" అన్నాను.

"ఊరుకో అన్నా. నన్ను సముదాయించేదానికి నువ్వు ఎన్నైనా చెప్తావు" అని, తడ బస్సు రాగానే ఎక్కేసింది.