సోమన్న తాగడని నేను చెప్పిన మాట

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే. కానీ ఒక మనిషి ప్రాణం తీసింది. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

సఖినేటిపల్లి రేవు దగ్గర ఒక పాకలో, వారానికోసారి గోదావరి అవతలి గట్టు నుంచి ఇంగ్లీషు డాక్టరు దొరగారు వచ్చి వైద్యం చేసేవారు. నేను ఆయనకు దుబాసీని, మా సంఘంలో బోధకుణ్ణి. ఆయన దగ్గర రెండు మత్తుమందులుండేవి. ఈథర్ పీలిస్తే మనిషి ముందు నవ్వుతాడు, ఏడుస్తాడు, పెనుగులాడతాడు, ఆ తర్వాతే పడుకుంటాడు. క్లోరోఫారం అయితే కాసేపటికే సద్దుమణుగుతాడు. ఏదిచ్చినా మెదడులో ముందు తెలివి పోతుందట, తర్వాత నొప్పి, ఆ తర్వాత కాళ్ళూ చేతులూ. కొలత మించితే ఊపిరి. తాగుడు మరిగిన మెదడు మాత్రం ఓ పట్టాన లొంగదని, మందు ఎక్కువ పడుతుందని, అందుకే ముందుగా అడగాలని ఆయనే నాకు నేర్పారు. కాబట్టి తెలియక చేశానని బుకాయించలేను.

సోమన్న కల్లుగీత పనివాడు. తాటిచెట్టు మీంచి పడి కాలు కుళ్ళింది, తీసేయాలి. ఆ వచ్చే ఆదివారమే అతనికి బాప్తిస్మం. నా బోధ విని వచ్చిన మొదటివాడు. తాగేవాళ్ళకి మా సంఘంలో చోటు లేదు. అతను మానేశాడని అందరితో గొప్పలు చెప్పుకున్నాను. తాగుతాడా అని దొరగారు అడిగారు. నేను తెలుగులో సోమన్నని అడిగాను.

"రోజూ ముంతెడు పడుద్దండీ. మానలేకపోయేనండీ. దొరగారితో చెప్పేయండి," అన్నాడు.

నేను దొరగారి వైపు తిరిగి, "లేదండి, ముట్టడు" అని ఇంగ్లీషులో అన్నాను.

రంపం ఎముకకు తగిలేసరికి సోమన్న కేక పెట్టి లేచి కూర్చున్నాడు. నలుగురం అదిమి పట్టుకున్నాం. బతికాడు. తాగనివాడే ఇలా లేచాడంటే ఈ దేశపు మెదళ్ళే వేరని, ఇక్కడ ఎవరికైనా మందు ఎక్కువ పోయాల్సిందేనని దొరగారు తేల్చేశారు. ఒక్క మనిషిని చూసి దేశం మొత్తానికి కొలత కట్టడానికి ఆయనెవరు? నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ తప్పుడు కొలత ఆయన చేతికిచ్చిందెవరు? అప్పుడైనా నోరు విప్పానా? సిగ్గులేని నోరు, విప్పలేదు.

మరుసటి వారం రొమ్ములో గడ్డతో సూరమ్మ వచ్చింది. జన్మలో కల్లు ముట్టని మనిషి. దొరగారు గుడ్డ మీద క్లోరోఫారం రెట్టింపు పోశారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆమె మళ్ళీ లేవలేదు. గుండె బలహీనమని ఆయన రాసుకున్నారు. దేవుడి చిత్తమని మా సంఘపెద్దలు అన్నారు. మధ్యలో దేవుడేం చేశాడు? చేసింది నేను.

సూరమ్మ భర్త ఈ రేవులోనే పడవ నడుపుతాడు. "మా ఇంటిది పోయినప్పుడు మీరు పక్కనే ఉన్నారండీ, ఆయ్, అదే నాకు ఊరట," అంటాడు ఇప్పటికీ. ఆ మాట విన్నప్పుడల్లా నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మీరు క్షమించాలని ఇది రాయలేదు. దయచేసి క్షమించకండి. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. రేపు ఈ కాగితం సూరమ్మ భర్త చేతిలో పెడతాను. అతనికి చదువు రాదు. నా దగ్గరికే తెచ్చి చదివి చెప్పమంటాడు. ఈసారి ఒక్క అక్షరం మార్చను.