తూటాల కంపెనీలో మా అత్త వాటా

ఆ వార్త మా ఇంటికి మొదట మోసుకొచ్చినవాడు మా చిన్న మరిది. హిందూపురంలో ఒక బట్టల అంగట్లో లెక్కలు రాసేవాడు. ఆ అంగడి మేడ మీద షేర్లు కొని అమ్మే ఆఫీసు ఉండేది. పైకి పోయినప్పుడల్లా ఏదో ఒక కంపెనీ పేరు చెవిలో వేసుకుని మడకశిర బస్సెక్కేవాడు. అది సరిహద్దులో యుద్ధం జరిగిన ఏడు.

"వదినా, ఇప్పుడు కొనాల్సింది బంగారు గాదు, తూటాలు" అన్నాడు గడపలో చెప్పులు విడవకుండానే.

నేను విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. "తూటాలు తెచ్చి యాడ పెడతావప్పా? ఉట్టి మీదా?" అన్నాను.

"తూటాలు గాదు, అవి చేయబోయే కంపెనీలో షేర్లు. ఇంకో యుద్ధమొస్తే చాలు, రేటు ఆకాశానికి పోతాది."

మెల్లగా మాట్లాడమని సైగ చేశాను. లోపల మా అత్త ఉంది. పొట్టేళ్ళు అమ్మిన డబ్బు ఆమె దగ్గరే ఉంది, మరిది కన్ను దాని మీదే ఉంది. అయితే మా అత్త తోడబుట్టిన తమ్ముడు పంచాయతీ ఎన్నికల గొడవలో నాటుబాంబు తగిలి పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో దీపావళికి కాకరపువ్వొత్తులు తప్ప టపాకాయ కాల్చింది లేదు. అలాంటి మనిషిని తూటాలకు డబ్బు అడగాలంటే ఎంత గుండె కావాలి!

మరిదికి ఆ గుండె ఉంది. "అమ్మా, ఒక కంపెనీలో వాటా కొందాం. వాళ్ళు చేసేది మనుషుల మీదికి గాదు. బావుల్లో బండ పగలగొట్టే మందు. మన బావికి పెట్టించినామే, అదే" అన్నాడు. తూటాల మాట మింగేశాడు.

అత్త కొంగు దోపుకుని అతని ముందు కూర్చుంది. "అంటే గొర్రెల్ని పాలుకిచ్చినట్టా?"

"అచ్చం అట్లే అమ్మా!"

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. మా వైపు గొర్రెల్ని కాపరికి పాలుకిస్తారు. మేపేది అతను, పుట్టిన పిల్లల్లో సగం అతనికి, సగం సొంతదారుకు. సొంతదారు ఎప్పుడు పోయి అడిగినా మంద ఎక్కడ మేస్తున్నదో కాపరి చెప్పాల్సిందే. నచ్చకపోతే జీవాల్ని వెనక్కి తోలుకొచ్చుకోవచ్చు.

"సరే. నా పేరునే కొను. నా దుడ్లతో చేసిన మందు మనిషికి తగిలిందని తెలిసిందా, ఆ పొద్దే తోలుకొస్తా" అంది అత్త. షేరు కాగితం రాగానే దానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది.

వారం తిరక్కముందే ఊరంతా పాకింది. పక్కింటి రైతు వచ్చి, "పెద్దమ్మా, నా బావిలో బండ తగిలినాది. మీ కంపెనీ నుంచి నాలుగు మందు పొట్లాలు ఇప్పియ్యి, సొంతదారు రేటుకు" అన్నాడు. అత్త కాదనలేదు. "ఈనే కాలం రానీ నాయనా" అంది గంభీరంగా. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను.

మరుసటి ఏడు హైదరాబాదులో వాటాదారుల సమావేశమని పిలుపు వచ్చింది.

"అది ఊరికే పంపుతారమ్మా, ఎవరూ పోరు" అన్నాడు మరిది.

"మందను చూసుకోమని పిలిస్తే పోకుండా ఉంటారేమిరా?"

పోయాం, ముగ్గురమూ. ఆమెకు తోడు వచ్చామంటే మమ్మల్ని వెనక కూర్చోనిచ్చారు, అత్త మాత్రం ముందు వరుసకు పోయింది. చలిపెట్టే హాలు. ఆమె చెంగు తల మీదుగా కప్పుకుని, ఇచ్చిన లడ్డును కొంగున ముడేసుకుంది. అందరూ లాభం గురించి అడిగారు. చివరికి అత్త లేచింది. నేను చేతులు జోడించి, ఆమె నోరు తెరవకుండా చూడు స్వామీ అని లేపాక్షి వీరభద్రుణ్ణి వేడుకున్నాను. ఆయన నా మాట వినలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ మొక్కుతాను.

"ఏమప్పా, నా దుడ్లతో చేసిన మందు యాడికి పోతాండాది?"

హాలంతా నవ్వింది. వేదిక మీద ఉన్న పెద్దాయన, కంపెనీ అధ్యక్షుడు, నవ్వలేదు.

"ఇప్పటికి గనులకు, బావులకేనమ్మా."

"మనుషుల మీదికి పోదు గదా?"

పక్కనున్న సూటు ఆయన ఏదో చెవిలో ఊదాడు. పెద్దాయన అతణ్ణి చేత్తో ఆపాడు. "ఇప్పుడు పోదు. తుపాకీ తూటాలకు కొత్త షెడ్డు కట్టాం. సైన్యం ఆర్డరిస్తే వచ్చే ఏడు మొదలుపెడతాం. అవి మనుషుల మీదికే."

"దేశానికి కావల్లంటే చేయి నాయనా, వద్దనను. నా దుడ్లు మాత్రం వద్దు. నా జీవాలు నాకు తోలెయ్."

మరిది కుర్చీలో ఇంకో జానెడు కిందికి జారాడు. ఆ పెద్దాయన జీవాలంటే ఏమిటో కనుక్కుని, కంపెనీ వెనక్కి తీసుకోదనీ, బయట అమ్ముకోవచ్చనీ ఓపికగా చెప్పాడు.

పక్క కుర్చీలో ఉన్న ఆయన వంగి, "అమ్మకండి పెద్దమ్మా, ఆర్డరొస్తే ధర పెరుగుతుంది" అన్నాడు.

"దేనివల్ల పెరుగుతాదప్పా?" అంది అత్త. ఆయన తన లడ్డు పొట్లం విప్పుకున్నాడు.

ఊరికి రాగానే అమ్మించింది. ఆ డబ్బుతో ఈసారి నిజంగానే గొర్రెలు కొంది. తర్వాత ఆర్డరు వచ్చింది, ధర పెరిగింది. మరిదికి నాలుగు రోజులు కూడు దిగలేదు. అత్త అతని కంచంలో ఇంకో సంగటి ముద్ద పెట్టి, "తిను నాయనా, దీంట్లో ఎవరి ఉసురూ లేదు" అనేది. అతను గొణుక్కుంటూనే తినేవాడు.

ఆ పెద్దాయన పేరు కూడా నాకు గుర్తు లేదు. అన్నీ బావులకే అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే మా అత్తకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె డబ్బు ఆమెకు తెలియకుండానే తూటాగా మారి ఉండేది. అంతమంది ముందు, కొన్ని గొర్రెల పాటి వాటా ఉన్న పల్లెటూరి ముసలమ్మకు ఆయన నిజం చెప్పాడు. ఇది చదివినవాళ్ళు ఈ పూట దేవుడి ముందు నిలబడినప్పుడు ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.