వానలో వాడరాదు

మా ఆడపడుచు మూడేళ్ళపాటు వానలో పట్టుకోకూడని గొడుగులు అమ్మింది. నేనేమీ వేళాకోళం ఆడటం లేదు. ప్రతి గొడుగు పిడికీ తన చేత్తో రాసిన చీటీ ఒకటి కట్టేది: "అలంకరణకు మాత్రమే. వానలో వాడరాదు." అదేం చోద్యమే అని అడిగితే మూతి ముడుచుకునేది.

మామయ్యగారిది వీధి మలుపులో గొడుగులు బాగుచేసే దుకాణం. ముందు గదిలో ఆయన విరిగిన ఊచలు మారుస్తూ కూర్చుంటారు. వెనక గదిలో నేను ఎనిమిది ముక్కలు కలిపి మిషను మీద గొడుగు గుడ్డ కుడతాను. దాని మీద మా ఆడపడుచు బొమ్మలు వేస్తుంది, ఆరాక ఇస్త్రీ పెడుతుంది. ఆ వేడికి రంగు గుడ్డను పట్టుకుని వదలదట. ఆ తర్వాత మామయ్యగారు ఊచలకు ఎక్కిస్తారు. ఎంత బాగుంటాయంటే, చేపల గుంపు వేసిన గొడుగు ఒకటి తెరిస్తే వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తారు. కొనేది మాత్రం ఫొటో స్టూడియోవాళ్ళూ, గోడకు తగిలించుకునేవాళ్ళూ.

ఆ చీటీకి ఒక కథ ఉంది. చదువుకునే రోజుల్లో తన మొట్టమొదటి గొడుగును స్నేహితురాలికిచ్చింది. అప్పటికి ఇస్త్రీ సంగతి తనకు తెలియదు. పది నిమిషాల వానకి నీలమంతా కారి ఆ పిల్ల తెల్ల గౌను పాడైంది. తరగతంతా పగలబడి నవ్వింది. అంతే, ఆనాటి నుంచి మా పిల్లకి నీళ్ళంటే వణుకు. రంగులు మార్చింది, పద్ధతి మార్చింది, అన్నీ చేసింది గానీ ఒక్క గొడుగునైనా తడిపి చూడలేదు. అందుకే నేను దానికి బెరుకమ్మ అని పేరు పెట్టాను.

"ఒక్కసారి కుళాయి కింద పెట్టి చూడవే" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని.

"చూస్తే తెలిసిపోతుంది కదా వదినా" అనేది.

"తెలియడం కోసమే కదే చూడమంటున్నది."

"తెలిసిపోయాక ఇంకేం మిగులుతుంది?"

దానితో వాదించేకంటే గోడకు తల బాదుకోవడం సుఖం.

అలాంటి రోజుల్లో ఒక డాన్సు టీచరు మా దుకాణానికి వచ్చింది. తల పైకెత్తి, కప్పుకు వేలాడుతున్న గొడుగులన్నీ నోరు తెరుచుకుని చూసింది.

"పన్నెండు కావాలండీ. పిల్లలు మైదానంలో వాన డాన్సు చేస్తారు. పైనుంచి పైపులతో నిజంగానే నీళ్ళు కురిపిస్తాం."

"మావి వానకి పనికిరావండి" అంది బెరుకమ్మ, నేల చూస్తూ.

టీచరు చీటీ చదివింది. గొడుగు వంక చూసింది. మళ్ళీ చీటీ చదివింది. "మరి దేనికి పనికొస్తాయండీ?" అంది. పాపం, ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఇస్తాం. వచ్చే శుక్రవారం మధ్యాహ్నానికి మీ బడికే తెచ్చిస్తాం" అనేశాను. బెరుకమ్మ నన్ను చూసిన చూపుకి నేను భస్మమైపోవాల్సింది. ఎలాగో బతికాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి నా మిషను ముందు నిలబడింది. "చేస్తాను. కానీ ఒక్క చుక్క రంగు కారిందా, మళ్ళీ కుంచె ముట్టుకోను. బొమ్మలు మానేసి నాన్న పక్కన కూర్చుని ఊచలు బిగించుకుంటాను. నీ మీదొట్టు."

"ఒట్టేదో నీ మీద వేసుకో, మధ్యలో నన్నెందుకు లాగుతావ్?" అన్నాను గానీ నాకు తెలుసు, అన్నంత పనీ చేసే రకం అది.

ఇక మొదలైంది చూడండి పని. పన్నెండు గొడుగులూ వరసగా నిలబెడితే ఒకటే రైలు కనిపించాలట. మొదటిది ఇంజను, చివరిది గార్డు పెట్టె, మధ్యలో ప్రతి కిటికీలో ఒక కొత్త మొహం. ఆవలించే తాత, జడ నములుతున్న పిల్ల, సూదిలో దారం ఎక్కిస్తూ నేను. నన్ను అంత లావుగా వేయాలా అని అడిగితే, రైలు పెట్టెలో పట్టావు కదా అంది. తిండీ తిప్పలూ మరిచిపోయి పని చేసింది. తడిపి చూద్దామే అంటే మాత్రం, ఇంకా ఆరలేదు, ఇంకా ఆరలేదు అంటూ శుక్రవారం దాకా లాక్కొచ్చింది. బయల్దేరే ముందు అంచులు బోసిగా ఉన్నాయంటూ పన్నెండింటికీ ఎర్ర గీత లాగింది. "చాల్లే తల్లీ, పద" అని నేనే తరిమాను.

ముగ్గురం తలా నాలుగు గొడుగులు పట్టుకుని బయల్దేరాం. బెరుకమ్మ అలవాటు కొద్దీ వీటి పిడులకూ చీటీలు కట్టింది, మబ్బు చూసి ప్లాస్టిక్ సంచులు కూడా తొడిగింది. గొడుగులకు వానకోటు వేసిన ఇల్లు లోకంలో మాదొక్కటేనేమో. సగం దూరం వెళ్ళామో లేదో వాన దబదబా కురిసింది. ఒకవైపు పొడవాటి గోడ, ఇంకోవైపు రోడ్డు, తల దాచుకోవడానికి జానెడు చూరు లేదు. చేతుల నిండా గొడుగులు పెట్టుకుని ముగ్గురం ముద్దగా తడుస్తుంటే బస్సులోవాళ్ళు కిటికీలకు అతుక్కుని మరీ చూశారు. నాకు తిక్క రేగి, ఒక గొడుగు తెరిచేద్దామని సంచి లాగబోయాను. మామయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. చీటీ ఉంది కదా."

నలభై ఏళ్ళుగా ఊరందరి గొడుగులూ బాగుచేసిన మనిషి. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి, గడ్డం మీంచి నీళ్ళు కారుతుంటే, నాలుగు గొడుగులను చంటిపిల్లల్లా గుండెకు హత్తుకుని నిలబడ్డారు. బెరుకమ్మ ఆయన్ని చూసింది. ఆ చీటీలను చూసింది. దాని మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. సంచి పరపరా చింపేసి, గొడుగు తెరిచి తండ్రి నెత్తిన పట్టింది. ఇంజను గొడుగు.

ముగ్గురం తలెత్తి చూశాం. నీలం కదల్లేదు. ఆకుపచ్చ కదల్లేదు. పొగ పొగలాగే ఉంది. నా కాళ్ళు ఆగలేదు, గంతేశాను కూడా. అప్పుడు అంచు నుంచి ఒక ఎర్ర చుక్క జారి మామయ్యగారి భుజం మీద పడింది. వెనకే ఇంకొకటి. అయిపోయింది, ఇక ఈ పిల్ల కుంచె పట్టదు అనుకున్నాను.

"ఎరుపొక్కటే" అంది బెరుకమ్మ.

ఏడుస్తోందనుకుని తిరిగి చూశాను. దాని కళ్ళు మెరిసిపోతున్నాయి. రెండోది తెరిచింది, మూడోది తెరిచింది. నడిరోడ్డు మీద వానలో రైలు మొత్తం తెరిచేసింది. "ఎరుపొక్కటే వదినా. పొద్దున వేసింది. ఇస్త్రీ పెట్టలేదు. నువ్వే తరిమావు. మిగతావన్నీ నిలబడ్డాయి, చూడు, నీ మొహం కూడా నిలబడింది."

"ఒక్క చుక్క కారినా కుంచె ముట్టుకోనన్నావు" అని గుర్తుచేశాను. నా నోరు ఊరుకోదు.

"ఎవరూ, నేనా?" అంది. "పద పద, ఇంటికి పద. నాన్నా, గుడ్డలన్నీ ఊచల నుంచి దింపాలి."

టీచరుకు కబురు పంపి రెండు రోజులు గడువు అడిగాం. పన్నెండు గుడ్డలూ దింపి, ఎరుపు మళ్ళీ వేసి, ఇస్త్రీ పెట్టి, ఊచలకెక్కించి, ఈసారి పెరట్లో కుళాయి కింద ఒక్కొక్కటీ తడిపి చూశాం. మామయ్యగారు అదే తెల్ల చొక్కా వేసుకుని కింద నిలబడ్డారు. మైదానంలో నీళ్ళు కురుస్తుంటే పన్నెండు మంది పిల్లలు ఆ రైలును నడిపించారు. నా మొహం ఉన్న పెట్టె రాగానే నేను కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాను, సిగ్గు లేదు నాకు.

ఇప్పుడు మా దుకాణంలో చీటీలు లేవు. ఏ గొడుగైనా కుళాయి కింద తడిశాకే అమ్మకానికి వెళుతుంది, ఆ తెల్ల చొక్కా వేసుకుని మామయ్యగారు కింద నిలబడాల్సిందే. దాని మీద ఎరుపు, పసుపు, ఊదా, ఎన్ని మరకలో లెక్కలేదు. పని లేనప్పుడు అది గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది. ఇది తడవొచ్చా అని ఎవరైనా అడిగితే బెరుకమ్మ దానివైపు చెయ్యి చూపిస్తుంది.

మొన్న ఆ చొక్కాను తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది. ఏమైందే అన్నాను.

"నాలుగు నెలలైంది వదినా, ఒక్క కొత్త మరక పడలేదు" అంది దిగులుగా. "తెలిసినవే వేస్తున్నానన్నమాట."

లేచి వెళ్ళి, ఇంతవరకూ మూత తీయని వెండి రంగు డబ్బా తీసింది.