నాలుగు సెకన్ల ఆవిరి

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. పనిచేసే చోట అందరికీ ఆమె చెవులమ్మ.

విశ్వవిద్యాలయంలో మెట్ల కింద ఒక గది. కిటికీ లేదు. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, బల్ల కింద కాలితో నొక్కే మీట. మీట నొక్కితే గొంతు మాట్లాడుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. పరిశోధకులు ఊరంతా తిరిగి రికార్డు చేసుకొచ్చిన మాటల్ని విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేయడం ఆమె ఉద్యోగం. దగ్గితే దగ్గు అని రాయాలి. నవ్వితే నవ్వు. మాట ఆగితే ఎన్ని సెకన్లు ఆగిందో రాయాలి. ఏమన్నారో తెలియకపోతే 'వినబడలేదు' అని రాసి పక్కన సెకన్లు వేయాలి.

ఈ 'వినబడలేదు' అంటేనే ఆమెకు గిట్టదు. మిగతావాళ్ళ కాగితాల్లో అది పేజీకి నాలుగుసార్లు కనిపిస్తే, ఆమె కాగితాల్లో పది పేజీలకు ఒకటి. లారీ హారన్ వెనక నలిగిన మాట, నోట్లో ముద్ద పెట్టుకుని అన్న మాట, ఏడుస్తూ మింగేసిన మాట, ఏదీ ఆమెను దాటిపోయేది కాదు. ఇంట్లో ఆయన మాత్రం, "పక్కింట్లో చెంచా పడితే వినిపిస్తుంది, నేను పిలిస్తే వినిపించదు" అని దెప్పుతూ ఉంటాడు.

ఎదురు బల్ల దగ్గర ఒక పెద్దాయన. రేడియోలు బాగుచేసి బాగుచేసి, చివరికి రేడియో కొనేవాళ్ళే లేకపోతే ఇటొచ్చి చేరాడు. ఆయన్ను రెండో చెవి అంటారు. టైపు అయిన కాగితం ముందు పెట్టుకుని, రికార్డు మళ్ళీ మొదట్నించీ విని, సరిపోతే చివర సంతకం చేయడం ఆయన పని. చెవులమ్మ కాగితాలకు మాత్రం వినకుండానే సంతకం చేసేవాడు.

"నీ తర్వాత నేను వినడమేంటి అమ్మాయ్, వండినమ్మ ముందు గరిటె తిప్పినట్టు!" అనేవాడు.

ఆ ఏడాది గదికి వచ్చిన రికార్డులన్నీ ఒకే పరిశోధనవి. పెద్ద మేడమ్ నాలుగేళ్ళుగా చేస్తున్న పని అది. ఊళ్ళో కొట్లాటలు ఎక్కడ జరుగుతాయి, దెబ్బలు ఎవరి ఒంటి మీద పడతాయి, ఆ ఇళ్ళ పిల్లల చదువు ఏ తరగతిలో ఆగిపోతుంది, ఇందులో జాతికీ ఒంటిరంగుకీ వాటా ఎంత. ప్రశ్నలు చిన్నవే. "మీరు ఏ వీధి తప్పించుకుని నడుస్తారు?" "బడి మానేసిన రోజు ఏం జరిగింది?" జవాబులే పొడుగు.

ఊరి మధ్యలో ఏరు, దాని మీద వంతెన. ఇవతల పెద్ద బడులు, ఆఫీసులు. అవతల ఏటవతలివాళ్ళు. ముత్తాతల కాలంలో రేవు పనికి ఓడల్లో తెచ్చి దింపిన జాతి. నల్లని ఒళ్ళు, బిగుసుకున్న రింగుల జుట్టు. చెవులమ్మ పుట్టిందీ ఆ ఒడ్డునే. కానీ అమ్మమ్మ వైపు ఎప్పుడో కలిసిన తెలుపు ఇంటిల్లిపాదినీ దాటుకుని ఈమె ఒక్కదాని మీద పడింది. ఇవతలి ఒడ్డున ఎవరూ ఆమెను 'నీది ఏ ఒడ్డు' అని అడగలేదు. అడగనిదానికి జవాబు ఎందుకని ఆమే ఊరుకుంది.

నలభై ఒకటో రికార్డు మీద చీటీ ఉంది: స్త్రీ, నలభై దాటిన వయసు, ఆసుపత్రి బట్టలుతికే చోట ఇస్త్రీ పని. చెవులమ్మ మీట నొక్కింది. మాట ఇంకా మొదలవలేదు. ముందొక పొడి దగ్గు, ఆ వెంటనే గొంతు సవరింపు, "ఊఁ, అడగండమ్మా."

ఆమె కాలు దానంతటదే మీట మీంచి లేచింది. ఆ దగ్గు అక్కది.

తెలిసిన గొంతైతే ఏం చేయాలో కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది చెవులమ్మే. వెంటనే వినడం ఆపాలి, రిజిస్టరులో నంబరు రాయాలి, రికార్డు ఇంకొకరికి ఇచ్చేయాలి. మాట్లాడినవాళ్ళకు సంతకం చేసి ఇచ్చిన హామీ అది: మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవ్వరూ వినరు. రిజిస్టరు చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇంకొక్క మాట విని తీసుకుందామని మళ్ళీ మీట నొక్కింది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

"వంతెన మీద గొడవ రోజు గురించి చెప్పమంటారా?" అంది అక్క గొంతు.

ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ ఎత్తని రోజు. చెవులమ్మ మీట మీంచి కాలు తీయలేదు.

అప్పుడు అక్కకు పదమూడు, తనకు పదకొండు. ఇవతలి పెద్ద బడిలో ఏటవతలి పిల్లలకు మొదటిసారి రెండు సీట్లు ఇస్తామన్నారు. ఇద్దరూ ఆ ఉదయం పరీక్షకు బయల్దేరారు. లెక్కల్లో అక్క ముందు చెల్లెలు నిలబడలేదు. ముందురోజు ఎవరో ఇవతలి కుర్రాణ్ణి పొడిచారట. పొడిచింది ఎవరో తెలియదు గానీ, తెల్లారేసరికి వంతెన మీద కర్రలు పట్టుకుని జనం. చేతులు పట్టుకుని నడుస్తున్న అక్కచెల్లెళ్ళలో తెల్లపిల్ల పోగలిగింది. నల్లపిల్ల మణికట్టు విరిగింది. తెల్లపిల్ల పరీక్ష రాసింది, సీటు వచ్చింది, పన్నెండో తరగతి దాకా చదివి ఈ బల్ల దగ్గరికి చేరింది. నల్లపిల్ల ఆ మరుసటి ఏడే ఇస్త్రీలో చేరింది. కుడి మణికట్టు ఇప్పటికీ వంకరే. ఎడంచేత్తోనే ఇస్త్రీ చేస్తుంది.

రికార్డులో అక్క అంతా నింపాదిగా చెబుతోంది. "వాడు ముందు మా చెల్లి మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. చూశాకే కొట్టాడు. అప్పుడు..." అనగానే పక్కనున్న ఇస్త్రీ యంత్రం బుస్సుమని ఆవిరి వదిలింది. నాలుగు సెకన్లు. ఆవిరి తగ్గాక, "...దాటిపోయింది" అన్న మాట ఒక్కటీ బయటపడింది.

ఆ ఆవిరిలో ఏముందో చెవులమ్మకు కొత్తగా వినాల్సిన పని లేదు. చిన్నప్పట్నించీ తెలిసిందే. కొట్టబోతుంటే అక్క తన చెయ్యి వదిలేసి, నువ్వు పో అన్నట్టు ముందుకు తోసింది. అది తలుచుకునే కదా ఇన్నేళ్ళూ అక్కకు ఎదురు మాట్లాడంది. వేళ్ళు ఆగలేదు. 'అప్పుడు నేనే దాని చెయ్యి వదిలేశాను. దాటిపోయింది' అని టైపు చేసేశాయి.

తర్వాత మీట నొక్కితే అక్క అంది: "చిన్నపిల్ల. దానికేం తెలుసు పాపం."

అదీ టైపు చేసింది. ఏడు సెకన్ల మౌనం కూడా వేసింది. రెండో చెవి సంతకం పెట్టేశాడు.

రెండు వారాల తర్వాత పెద్ద మేడమ్ మెట్లు దిగి స్వయంగా వచ్చింది. చేతిలో కాగితాలు, మొహం వెలిగిపోతోంది.

"నలభై ఒకటి మీరే కదా చేసింది? ఒక్క వాక్యంలో నా అధ్యాయమంతా చెప్పేసిందండీ ఆవిడ! 'నేనే దాని చెయ్యి వదిలేశాను.' పెద్దపిల్లలు చిన్నపిల్లల చదువు కోసం ఏం వదులుకుంటారో... అధ్యాయానికి అదే పేరు పెడుతున్నా. శుక్రవారం అచ్చుకు వెళ్తోంది."

"సరే మేడమ్" అంది చెవులమ్మ.

మేడమ్ వెళ్ళాక ఆ నాలుగు సెకన్లూ మళ్ళీ పెట్టుకుంది. పదిసార్లు, ముప్ఫైసార్లు. ఒకసారి 'నేనే' అన్నట్టుంది. ఇంకోసారి 'తనే' అన్నట్టుంది. మరోసారి అసలు మనిషి గొంతే లేదు. పైగా తర్వాతి మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి వదిలింది అక్కే అయితే, 'చిన్నపిల్ల, దానికేం తెలుసు పాపం' అని ఎవరిని వెనకేసుకొస్తున్నట్టు? తప్పు చేసినవాళ్ళ గురించి కదా అట్లా అంటారు?

"బాబాయిగారూ, ఒక్కసారి ఇది వింటారా?"

రెండో చెవి విన్నాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నాడు. కళ్ళు తెరిచి కాగితం వంక చూశాడు. "ఇక్కడ ఇంత వాక్యం ఎక్కడిదమ్మాయ్?"

ఆమె చెప్పింది. గొంతు ఎవరిదో కూడా.

పెద్దాయన తన సంతకాన్ని గోటితో గీకాడు, చెరిగిపోతుందేమో అన్నట్టు. "నీ చెవుల్ని నమ్మి నా చెవులు అమ్ముకున్నాను. శుక్రవారమేనా అచ్చు?"

"శుక్రవారమే."

"మరి నా మొహం చూస్తావేం? వెళ్ళు."

మేడమ్ దగ్గరికే వెళ్ళాలి. కానీ కాళ్ళు అక్క పనిచేసే చోటికి తీసుకెళ్ళాయి. అడగక తప్పదు. అడిగితే, తను విన్నానని చెప్పినట్టే. అక్కకు ఇచ్చిన హామీ తన చేతులతో తనే తుంచినట్టే. దారంతా ఈ రెంటి మధ్యా ఊగుతూనే వెళ్ళింది.

వేడి, తడి దుప్పట్ల వాసన. అక్క యంత్రం దగ్గర నిలబడి ఉంది.

"ఏమే, ఇవాళ పని లేదా? మొహం అట్లా ఉందేం, మరిదిగారు ఏమన్నా అన్నాడా?"

"ఆయనేం అన్లేదు. అక్కా, నేనో తప్పు చేశాను."

"ఒక్కటేనా! కూర్చో. ఆ మూట మీద కాదే, అది ఆపరేషన్ గదిది."

నిలబడే చెప్పింది. అక్క దుప్పటి మడత ఆపకుండా విన్నది.

"అంటే నువ్వు విన్నావు."

"విన్నాను."

"మొత్తం?"

"మొత్తం."

"నన్నెరిగినవాళ్ళెవరూ వినరని సంతకం చేసి ఇచ్చింది ఆ రికార్డు చేసిన పిల్ల. ఊరంతా విన్నా బాధపడేదాన్ని కాదు. నువ్వు వినకూడదనే కదే చెప్పుకున్నాను."

అక్క ఇంకో రెండు దుప్పట్లు మడిచింది. యంత్రం ఆవిరి వదిలింది. అది తగ్గాక అక్కే అడిగింది. "ఇంతకీ ఆ సందులో ఏం రాశావ్?"

"నేనే దాని చెయ్యి వదిలేశాను అని. మేడమ్ అధ్యాయానికి అదే పేరు పెడుతోంది."

అక్క దగ్గుతూ నవ్వింది. "అంత మంచిదాన్ని ఎప్పుడయ్యానే నేను?"

"మరి? నేను వదిలానా?"

"నువ్వే వదిలి పరిగెత్తావని నాలుగేళ్ళు నీతో సరిగా మాట్లాడలేదు, గుర్తులేదా?"

"నా పరీక్షల కోసం నన్ను కదిలించట్లేదు అనుకున్నాను."

"నీ మొహం." అక్క వంకర మణికట్టు ఎత్తి చూసుకుంది. "కానీ ఏమోనే. దెబ్బ పడింది ఈ చేతి మీదే. నిన్ను పట్టుకున్నదీ ఇదే. పడ్డాక స్పర్శే లేదు. నువ్వు వదిలావో, నేను వదిలానో, దెబ్బే వదిలించిందో. ఒకరోజు నువ్వనిపిస్తుంది, ఒకరోజు నేననిపిస్తుంది."

"ఆ అమ్మాయికి ఏం చెప్పావక్కా?"

"అది ఏ రోజో నాకేం తెలుసు?"

చెవులమ్మ మూట మీద కూర్చోబోయి, గుర్తొచ్చి లేచింది. "పోనీ, మళ్ళీ రికార్డు చేయమంటాను. ఇప్పుడు చెప్పు, అదే రాస్తారు."

"ఇప్పుడు చెబితే ఇవాళ్టిది చెబుతా. రేపు అడిగితే రేపటిది." అక్క ఇంకో దుప్పటి లాగింది. "సరే గానీ, కర్రవాడు మొహాలు చూశాడన్నాను, అది రాశావా?"

"రాశాను."

"సరిగ్గా వినబడిందా?"

"బాగా."

"అందులో నాకు అనుమానం లేదు. ముందు నీ మొహం, తర్వాత నా మొహం, తర్వాత కర్ర. మరి పేరు అది పెట్టొచ్చుగా మీ మేడమ్? మనిద్దరిలో ఎవరు ఎవర్ని వదిలారని తవ్వుకుంటూ కూర్చున్నాం గానీ, వాణ్ణి మాత్రం అందరం వదిలేశాం."

"రికార్డు తీసేయమంటావా? నువ్వంటే తీసేస్తారు."

"ఉంచమను. ఆ ముక్క కోసం ఉంచమను. వెళ్ళు, సూపర్వైజరు చూస్తున్నాడు. ఆదివారం రా. రాకపోయినా సరేలే." రెండడుగులు వేశాక వెనక నుంచి, "రా" అంది.

గురువారం పొద్దున్నే పెద్ద మేడమ్ గదిలో చెవులమ్మ రిజిస్టరులో నలభై ఒకటి అని రాసి, పక్కన తన అసలు పేరు రాసి, ఆ గొంతు తన అక్కదని చెప్పింది. పక్కన రెండో చెవి కూడా నిలబడ్డాడు, వినకుండా సంతకం పెట్టినవాడిగా. మేడమ్ మొహంలో వెలుగు పోయింది. కోపమో, అధ్యాయం పోయిందన్న దిగులో చెప్పడం కష్టం.

"మీరూ ఏటవతలి..." అని ఆగిపోయింది. తర్వాత రికార్డు పెట్టింది. "ఇప్పుడు చెప్పండి. ఇక్కడ మీకేం వినిపిస్తోంది?"

చెవులమ్మ విన్నది. మేడమ్ మళ్ళీ పెట్టింది. మళ్ళీ విన్నది.

"ఆవిరి, మేడమ్."

ఆ పరిశోధన నుంచి ఆమెను తప్పించారు. తప్పించేముందు ఆ ఒక్క పేజీ సరిచేసి ఇమ్మన్నారు. కూర్చుని, వాక్యం చెరిపి, 'వినబడలేదు, నాలుగు సెకన్లు' అని కొట్టింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆ మాట కొట్టడానికి ఆమెకు అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. అధ్యాయం అచ్చుకు వెళ్ళడం ఆగింది. కొత్త పేరు ఏం పెడతారో ఎవరూ చెప్పలేదు. అక్క చెప్పిన పేరు మాత్రం ఆమె ఒక చీటీ మీద రాసి మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆదివారం బస్సులో వంతెన దాటుతూ ఆమె లెక్క కట్టింది. విరిగింది అక్క కుడి చెయ్యి. ఆ చెయ్యే తనను పట్టుకుందంటే అక్క తన ఎడమ పక్కన నడిచింది. అంటే అక్క పట్టుకున్నది తన ఎడం చెయ్యి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ రోజు పుస్తకాల సంచీ ఎడం చేతిలో మోశానని, దాని తాడు వేళ్ళు కోసిందని ఆమెకు బాగా గుర్తు. మరి రెండూ ఒకే చేతిలో ఎట్లా పట్టాయి?

బస్సు వంతెన దిగేదాకా ఎడం చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. సంచీ ఎవరు మోశారో అక్కను అడగాలి అనుకుంది. లెక్కల్లో ఎప్పుడూ అక్కే ముందు.