పొద్దెక్కినా లేవని సైదులు

అండాలుకు రేచీకటి. పొద్దు గూకిందంటే ఎదురుగా నిలబడ్డ మనిషిని గొంతు విని గుర్తుపట్టాల్సిందే. ఆ సంగతి ఒప్పుకోవడమంటే మాత్రం ఆమెకు చచ్చేంత నామోషీ. గడపకు తట్టుకుని పడితే గడపనే తిట్టేది గానీ, పట్టుకోబోయిన కోడలి చెయ్యి విదిలించేసేది. నకిరేకల్‌కు కొంచెం అవతల ఉన్న ఆ పల్లెలో అండాలు నోటికి జడవని మనుషులు ఇద్దరే. ఒకరు కోడలు గోపమ్మ, రెండోవాడు మనవడు సైదులు.

సైదులుకు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, సైదులు దర్గాకు మొక్కుకుని కన్న బిడ్డ. ఆ పేరు అందుకే పెట్టారు. వాడు తుమ్మితే ఇల్లంతా ఉలిక్కిపడేది. అలాంటి పిల్లవాడికి తొలికోడి కూసేలోపే లేచే అలవాటు పట్టుకుంది.

పిల్లలన్నాక పొద్దున్నే లేవరా అంటారేమో. లేస్తారు. లేచి ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఆ ఇంట్లో ఎత్తుకునే వాళ్లెవరు? యాభైల చివర్లో మాట ఇది. కరెంటు మోటార్లు ఆ ఊరి పొలిమేర ఇంకా తొక్కలేదు. అండాలు కొడుకు లింగస్వామి చీకటితోనే ఎడ్లను తోలుకుపోయి బావి మీద మోట కొట్టి యాసంగి వరికి నీళ్లు తోడేవాడు. మళ్లకు నీళ్లు కట్టడానికి గోపమ్మ వెంట పోవాల్సిందే. ఇక ఇంట్లో మిగిలేది ముసలమ్మ. ఆమె మోకాళ్ల నొప్పులకు రాత్రి కాస్త నల్లమందు మింగి పడుకునేది కాబట్టి, తెల్లవారుజామున పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. పిల్లవాడు లేచి, తడిక నెట్టుకుని, మోట గిరక చప్పుడు పట్టుకుని బాపు దగ్గరికి బయలుదేరేవాడు. బావి ఇంటి వెనక నాలుగు మళ్ల అవతలే. దానికి గట్టు లేదు.

"పోరడు పొద్దు పొడిచెదాక పండుకుంటే సాలు. అటెన్క అవ్వ సూస్కుంటది," అనేవాడు లింగస్వామి.

అనడానికేం, ఎవరైనా అంటారు. గోపమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. కోళ్లగూడును పక్కింటి గుర్వమ్మ వాకిట్లో పెట్టించింది. కిటికీకి గోనెసంచి అడ్డం కట్టింది. మధ్యాహ్నం కునుకు తియ్యనివ్వకుండా వాణ్ణి చేనంతా తిప్పింది. సాయంత్రం వేడినీళ్లు పోసి, కడుపు నిండా జొన్న గట్క తినిపించింది. వాడు పడుకోవడం బాగానే పడుకునేవాడు, లేవడం మాత్రం ఆ వేళకే లేచేవాడు. ఒకసారి చీర పేలికతో కాలు మంచానికి కట్టేస్తే ఏడ్చి ఏడ్చి ఊపిరి పట్టేశాడు. ఆ కట్టు విప్పింది అండాలే. విప్పి, కోడల్ని పుట్టింటి వాళ్లతో సహా తిట్టింది.

ఒకనాటి పొద్దున లింగస్వామి ఎడ్లను వెనక్కి నడిపిస్తూ యథాలాపంగా పక్కకు చూస్తే, బావి అంచున సైదులు కూర్చుని ఉన్నాడు. కాళ్లు లోపలికి వేలాడేసి, నీళ్లల్లోకి మట్టిపెళ్లలు విసురుతున్నాడు. కేక వేస్తే ఉలిక్కిపడి జారిపోతాడని లింగస్వామి నోరు నొక్కుకుని, పిల్లిలా వెనకనుంచి పోయి ఒడిసిపట్టాడు. ఆ వేళ ఇక మోట నడవలేదు. గోపమ్మ మడిగట్టు మీదే కూలబడింది.

సాయంత్రం పొయ్యి దగ్గర అండాలు మెల్లగా మాట కదిపింది.

"ఏమే గోపమ్మా, నల్లమందు జరంత బెల్లంల కలిపి నాలికెకు రాస్తే పోరడు సుకంగ పండుకుంటడు. నీ మొగడు గదే తిని పెరిగిండు."

గోపమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. "అత్తా, ఇంకోపారి ఆ మాటంటే మంచిగుండదు. మా అక్క కొడుకు గట్లనే పండుకొని లేవలేదు. నా కొడుకు నోట్ల విషం పెట్టనియ్య."

విషమట. తన చేత్తో నలుగురిని పెంచిన మనిషిని పట్టుకుని విషం అంటుందా? అండాలుకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కానీ కళ్లు మూసుకుంటే బావే కనబడుతోంది. ఆమెకు చీకట్లో బావి కనబడదు, మనవడు కనబడడు. వాడు పడ్డ చప్పుడైనా వినబడుతుందో లేదో. తెల్లారేసరికి ఆమె మనసు గట్టిచేసుకుంది. సాయంత్రం పూట కోడలు చూడనప్పుడు గూట్లోని నల్లమందు డబ్బీ తీసి, ఆవగింజలో సగమంత బెల్లంతో కలిపి పిల్లవాడి నాలుకకు రాయడం మొదలుపెట్టింది.

సైదులు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. మర్నాడూ అంతే. గోపమ్మ సంబరం ఇంతా అంతా కాదు. కోళ్లగూడు తీసెయ్యడం వల్లే వాడు మాట విన్నాడని గుర్వమ్మతో గొప్పగా చెప్పుకుంది. అండాలు పక్కనే కూర్చుని వక్క కొరుకుతూ ఊకొట్టింది. లోపల్లోపల ఎంత మురిసిందో! తనను కాదన్న కోడలికి తన చేతి గుణం తెలియకుండానే తెలిసొచ్చిందని ఆమె మురిపెం.

మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. పిల్లవాడు గట్క ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. ఆడుకుంటూ ఆడుకుంటూ గోడకు ఆనుకుని ఎటో చూస్తూ ఉండిపోయేవాడు. "అవ్వా" అని మీదికి ఎగబాకేవాడు కాస్తా పిలిస్తే గానీ తల తిప్పడం లేదు. అండాలుకు భయమేసింది. ఎవరితో చెప్పుకుంటుంది? ఒక సాయంత్రం డబ్బీ జోలికి పోకుండా మానేసింది.

ఆ తెల్లవారుజామునే సైదులు చీకట్లో లేచాడు. ఏడుస్తూ, పడుతూ లేస్తూ బావి దగ్గరికి పోయాడు. అటుగా పోతున్న పక్క చేను జానయ్య అంగీ పట్టి ఆపకపోతే ఏమయ్యేదో చెప్పలేం. జానయ్య పిల్లవాణ్ణి తెచ్చి గోపమ్మ చేతుల్లో పెట్టి, "తల్లివేనా నువ్వు?" అని ఒక్క మాట అనేసి పోయాడు. ఆ రోజంతా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

సాయంత్రం అండాలు మళ్లీ డబ్బీ తీసింది. ఒకరోజు మానినందుకే ఇంత పని జరిగిందనుకుంది. కొంచెం ఎక్కువే రాసింది.

మర్నాడు వెలుతురొచ్చాక ఆమె లేచి మనవడి పక్కన కూర్చుంది. పడుకున్నాడు, మంచిదే అనుకుంది. ఎండ వాకిట్లోకి వచ్చింది. వాడి పెదవి మీద ఈగ వాలితే తోలింది. మళ్లీ వాలింది. వాడు మూతి కూడా కదపలేదు. చెయ్యి ఎత్తి వదిలితే చెయ్యి మంచం మీద పడింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వస్తోంది, ఆగుతోంది. ఆగినప్పుడు మళ్లీ వస్తుందో రాదో అని అండాలు తన ఊపిరి కూడా బిగబట్టుకుంది.

గోపమ్మ చేను నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "లేసిండా అత్తా?"

"లేస్తలేడే. రాత్రి జర ఎక్కువేసిన."

గోపమ్మ చంకలోని నీళ్ల కడవ దించలేదు. దించకుండానే అడిగింది. "ఏమేసినవ్?"

అండాలు గూటివైపు చూసింది. గోపమ్మ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నేను గూడ రాత్రి ఏసిన అత్తా. నిన్నడగనీకి నోరు రాలే. నువ్వు పండుకున్నంక డబ్బీల కెల్లి తీసి ఏసిన."

కడవ ఎప్పుడు పగిలిందో ఇద్దరికీ తెలియదు. గోపమ్మ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని రోడ్డు వైపు పరిగెత్తింది. మోకాళ్ల నొప్పులతోనే అండాలు కూడా ఆమె వెంట పరిగెత్తింది. జానయ్య కేకకు లింగస్వామి ఎడ్లను వదిలేసి వచ్చాడు. నార్కట్‌పల్లి వైపు నుంచి వస్తున్న లారీ ఒకటి ఆపి నకిరేకల్ దవాఖానకు చేరేసరికి సైదులు పెదవులు నల్లబడ్డాయి.

లోపల ఏవో పోసి కక్కించారు, సూదులేశారు, అరికాళ్ల మీద కొట్టారు. నిద్రపోనియ్యకండి, పిలుస్తూనే ఉండండి అన్నారు. గోపమ్మ "సైదులూ, సైదులూ" అని గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. నిన్నటిదాకా వాడు పడుకోవాలని మొక్కని దేవుడు లేడు ఆమెకు. పొద్దు వాలే వేళకు వాడు కళ్లు తెరిచి, సన్నగా ఏడ్చాడు.

అప్పుడు కంపౌండర్ బయటికి వచ్చి అడిగాడు. "ఇంత నల్లమందు ఎవరు పెట్టిన్రు?"

లింగస్వామి పెళ్లాం వైపు తిరిగాడు. ఎడ్ల మీద కూడా చర్నాకోల ఎత్తని మనిషి. ఆ చూపును అండాలు పసిగట్టింది. వీడు దీన్ని పుట్టింటికి తోలేస్తాడు. పిల్లవాణ్ణి మళ్లీ దాని ఒళ్లో పెట్టడు. అండాలుకు అది తెలుసు, కన్నది తనే కదా.

గోపమ్మ నోరు తెరవబోయింది.

"నేనే పెట్టిన," అంది అండాలు. "అది వద్దన్నది. అది సూడకుండ రాత్రి రెండుపార్లు నేనే పెట్టిన."

గోపమ్మ తెరిచిన నోరు మూసుకుంది. తల వంచుకుంది.

ఇంటికి రాగానే లింగస్వామి తల్లి మంచాన్ని ఎడ్ల కొట్టంలో వేశాడు. పిల్లవాడు ఆమె ఛాయలకు పోకూడదన్నాడు. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు. మళ్లీ మాట్లాడతాడని అండాలు కూడా అనుకోలేదు. గోపమ్మ వేళకు అన్నం తెచ్చిపెట్టేది. అత్త తిన్నంతసేపూ ఎదురుగా కూర్చునేది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవాళ్లు కాదు. అండాలు డబ్బీని పెంటకుప్పలో పూడ్చేసింది. మందు లేక మోకాళ్లు పీకుతుంటే రాత్రంతా మేలుకునే ఉండేది.

సైదులు తేరుకున్నాడు. తేరుకున్నాక మళ్లీ తొలికోడి కంటే ముందే లేవడం మొదలుపెట్టాడు. లింగస్వామి అప్పటికే ఎడ్లను తోలుకుని పోయి ఉండేవాడు. ఒక తెల్లవారుజామున కొట్టంలో అడుగుల చప్పుడైంది. ఎవరని అండాలు అడిగేలోపే వెచ్చటి ఒళ్లు ఒకటి ఆమె ఒళ్లో పడింది. ఎవరి చెయ్యో ఆమె చెయ్యి వెతికి పట్టుకుని, పిల్లవాడి అంగీ కొసను పిడికిట్లో పెట్టింది.

"పట్టుకో అత్తా," అంది గోపమ్మ చీకట్లో. "నేనొచ్చెదాక వాన్ని పండుకోనియ్యకు."