నిండుగా మిగిలే చెంబు

గద్వాలలో మా మేనత్త మగ్గం పక్కన ఒక ఇత్తడి నీళ్ల చెంబు ఉండేది. మధ్యాహ్నానికి అది ఖాళీ అయితే ఆమె మోకాళ్లు బాగున్నట్టు. నిండుగానే మిగిలిందంటే ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.

మోకాళ్లు నొప్పెట్టిన రోజున, మగ్గం కింది గుంటలోకి కాళ్లు దింపి, కింది చెక్కలు తొక్కుతున్నంతసేపు నొప్పి ఎలాగో ఓర్చుకునేది. గుంటలోంచి పైకి లేవడమే నరకం. నీళ్లు తాగితే మాటిమాటికీ బయటికి పోవాల్సి వస్తుందని పొద్దంతా గొంతు తడుపుకునేది కాదు. దవాఖానలో ఇచ్చిన నొప్పి గోలీలు కూడా ఒక్క గుక్క నీళ్లతో మింగేది. ఇక కడుపులో మంట. ఆ మంటకు మామ, నేను, తెగిన పోగులు, అందరం తిట్లు తినేవాళ్లం. తిట్టి తిట్టి, కాసేపటికి తానే "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగేది.

పోయిన వానాకాలం మోకాళ్లు బాగా వాచాయి. గోలీలు వేసుకుంటే నీళ్లు ఎక్కువ తాగాలని డాక్టరు చెప్పిందే నేనూ చెప్పాను.

"తాగుత. మల్ల లేపేదెవరు? మీ మామనా? ఆయన నడుమే సక్కగ లేదు."

"నేను లేపుత అత్తా."

"ఇయ్యాల లేపుతవు. రేపు?"

తెల్లారితే వనపర్తి బస్సెక్కాల్సినదాన్ని.

ఆమె పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూనే ఉంది. తర్వాత నాడె ఆపి, చెంబు అందుకుని, నా వైపు చూడకుండా గటగటా తాగేసింది. ఖాళీ చెంబు పక్కన పెట్టి, గుంటలోంచి లేవడానికి నా వైపు చెయ్యి చాచింది.

"ఇయ్యాలకైతే పట్టు."